కుంగని సగం

మార్సెల్లా క్రాల్ పద్దెనిమిది వేసవులుగా షికాగో నది మీద వెనక్కి తిరిగి నిలబడి ప్రయాణం చేస్తోంది. మేడలు చూపించే పడవలో గైడు పని అంటే అదే మరి. మొహం ప్రయాణికుల వైపు, వీపు పడవ వెళ్ళే వైపు. ముందు ఏ మేడ వస్తోందో ఆమె తల తిప్పి చూసుకోదు. కుర్చీల్లో ఉన్న వందమంది తలలు ఎటు తిరుగుతున్నాయో, కాళ్ళ కింద చెక్క ఎటు ఒరుగుతోందో గమనించి చెయ్యి చాపుతుంది. ఆ చెయ్యి కూడా తిరగేసి చాపాలి, వాళ్ళ ఎడమ ఆమెకి కుడి కాబట్టి. మొదటి ఏడాది ఈ లెక్క తప్పి, కార్లు నిలిపే షెడ్డుని చూపించి ప్రపంచంలోకెల్లా పెద్ద వర్తక భవనమని చెప్పిన రోజులున్నాయి. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెయ్యి తప్పదు.

అయితే ఆమెకి పేరు తెచ్చింది మేడలు కాదు, ఒక తాగుబోతు.

నది రెండుగా చీలే చోట ఆకుపచ్చ అద్దాల మేడ ఒకటి ఒంపు తిరిగి నిలబడుతుంది. అక్కడ దక్షిణపు పాయలోకి మళ్ళగానే లేక్ స్ట్రీట్ వంతెన వస్తుంది. దాని మీద రైళ్ళు నడుస్తాయి. రైలు పోతున్నప్పుడు వంతెన కింద ఎవరేం మాట్లాడినా వినపడదు కనక గైడు నోరు మూసుకుంటుంది. సరిగ్గా ఆ నిమిషంలోనే జనం చెదిరిపోతారు. ఒకాయన కెమెరాలో ఫిలిం మార్చుకుంటాడు, ఒకావిడ సంచిలోంచి శాండ్‌విచ్ తీస్తుంది. వాళ్ళని మళ్ళీ లాక్కురావాలంటే ఒక నవ్వు కావాలి. మార్సెల్లా ఆ నవ్వుని వంతెన అవతల దాచిపెట్టుకుంది.

వంతెన దాటగానే ఎడమ ఒడ్డున ప్రెస్కాట్ టోపీల గిడ్డంగి. పదంతస్తుల ఇటుక మేడ. ఒక సగం పాతది, రెండో సగం ఇరవయ్యేళ్ళ తరవాత పక్కనే అతికించి కట్టింది. అంతస్తు అంతస్తుకీ మధ్య తెల్లరాతి పట్టీ ఒకటి అడ్డంగా నడుస్తుంది. పాత సగంలో బుద్ధిగా నడిచిన ఆ పట్టీ, కొత్త సగం మొదలయ్యే చోట ఒక అడుగు పైకెక్కి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ నడిచిపోతుంది. కింద నుంచి పైదాకా అదే వరస.

"అమ్మలూ, అయ్యలూ," అంటుంది మార్సెల్లా, మైకు కొంచెం దించి, రహస్యం చెబుతున్నట్టు. "పొద్దున్నే ఎవరైనా ఓ చుక్క వేసుకొచ్చారా? భయపడకండి, ఇక్కడ మీకో పెద్దన్న ఉన్నాడు. ఐనార్ తోర్‌వాల్డ్ అని, ప్లాన్లు గీసే నార్వే దేశస్థుడు. ఈ మేడ గీసిందాయనే. సోమవారం పొద్దున ఆదివారం మత్తు దిగకుండానే బల్ల దగ్గరికొచ్చాడు. స్కేలు పెట్టాడు, గీత గీశాడు. గీత మంచిదే. బల్లే కాస్త పైకి లేచింది!"

ఇక్కడ మార్సెల్లా ఒక పక్కకి ఒరిగి, ఒక కన్ను మూసి, గాల్లో గీత గీస్తుంది. పడవ గొల్లుమంటుంది. పదిహేడేళ్ళుగా ఒక్క రోజు కూడా ఆ నవ్వు ఆమెని మోసం చెయ్యలేదు. మిగతా గైడులు కూడా దాన్నే చెబుతారు. పడవల కంపెనీ అచ్చువేసిన గైడు పుస్తకంలో అది ముప్పయ్యొకటో పేజీ.

ఆ మంగళవారం, జూన్ నెల, సరస్సు మీంచి చలిగాలి ఇంకా పూర్తిగా మానలేదు. ముందు వరసలో ఒక ముసలావిడ బూడిదరంగు కోటు మెడదాకా బొత్తాలు పెట్టుకుని కూర్చుంది. అందరూ నవ్వినప్పుడు ఆవిడ నవ్వలేదు. చుట్టాల కబురు వింటున్నట్టు తల ఊపుతూ కూర్చుంది. పడవ రేవుకొచ్చాక అందరూ దిగిపోయారు, ఆవిడ దిగలేదు.

"బాగా చెప్పావమ్మాయ్," అంది. "పదకొండేళ్ళ కిందట మా చర్చి ఆడవాళ్ళతో వచ్చి విన్నాను. అప్పుడూ నువ్వే చెప్పావు. జుట్టు పొడుగ్గా ఉండేది."

"ఏళ్ళు గడిచేకొద్దీ అదీ పొట్టిదైపోయిందండీ," అంది మార్సెల్లా, మైకు తీగ చుట్టచుడుతూ. "మళ్ళీ వచ్చారంటే నచ్చినట్టేగా."

"నచ్చడమనా... ఆ ఐనార్ తోర్‌వాల్డ్ మా నాన్న."

తీగ చేతిలోంచి జారింది. మార్సెల్లా క్షమించమని ఏదో గొణిగింది. ముసలావిడ ఆశ్చర్యంగా చూసింది.

"క్షమించడమెందుకు? నేనే నీకు దణ్ణం పెట్టాలి. నా పేరు సిగ్నీ. నాకు నాలుగేళ్ళప్పుడు మా నాన్న ఒక పొద్దున టోపీ పెట్టుకుని వెళ్ళాడు, పనికెళ్ళినట్టే. అంతే. సియాటిల్లో చూశామని ఎవరో అన్నారు. ఎందుకు వెళ్ళాడని అడిగితే మా అమ్మ అంట్లు తోముకునేది తప్ప పలికేది కాదు. పోయేదాకా చెప్పలేదు. నేనే ఏదో చేశాననుకుంటూ పెరిగాను. చిన్నప్పుడు బాగా ఏడ్చేదాన్నట." సిగ్నీ చిన్నగా నవ్వింది. "నీ పడవలో విన్నాక తెలిసింది. తాగుడు. అది జబ్బు కదమ్మా, మనిషిని లాక్కుపోతుంది, వాడేం చేస్తాడు? ఆ రోజు ఇంటికెళ్ళి పెట్టె అడుగు నుంచి ఆయన ఫోటో తీసి గోడకి పెట్టాను."

మార్సెల్లా వంగి, జారిన తీగ తీసి కొక్కేనికి తగిలించింది.

"ఎనభై ఒకటి నడుస్తోంది నాకు. ఇంకా ఏమైనా తెలుసుకుని పోదామని వచ్చాను. ఇదంతా ఎక్కడ చదివావు?"

అప్పుడే చెప్పెయ్యాల్సింది. ఎక్కడా చదవలేదు, పేరొక్కటే నిజం, పాత ప్లాను మీద చూశాను, మిగతాదంతా ఒక ఈదురుగాలి రోజున జనం వినడంలేదన్న ఉక్రోషంలో నా నోటికి వచ్చింది అని. ఒక్క నిమిషం పని. కాని ముసలావిడ కళ్ళు అంత ఆశగా చూస్తుంటే మార్సెల్లా నోరు దాని దారిన అది పోయింది.

"ఒక పుస్తకంలోనండీ. ఇంట్లో ఉంది."

"శనివారం పట్టుకొస్తావా? పది గంటల పడవకొస్తాను. చదివే కళ్ళద్దాలు తెచ్చుకుంటాను," అంది సిగ్నీ, ఆమె చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుని.

పడవ నడిపే హాలిస్ టిబ్స్ పై గదిలోంచి అంతా చూశాడు. దిగొచ్చి, కాఫీ గ్లాసు ఆమె ముందు పెట్టాడు. "ఏంటి మార్సీ, దయ్యాన్ని చూసినట్టున్నావ్."

"దయ్యం కాదు, దాని కూతురు." జరిగింది చెప్పింది. హాలిస్ నగరపు దక్షిణ పేటల మనిషి, తొందరపడి దేనికీ జవాబివ్వడు.

"ఆ పుస్తకం పోయిందని చెప్పు," అన్నాడు చివరికి. "పైపు పగిలి తడిసిపోయిందను. ముసలావిడ నిమ్మళంగా ఉంది. ఎందుకు కెలుకుతావ్?"

"అబద్ధం కదా హాలిస్."

"అవును. నీకు నవ్వులు తెచ్చిపెట్టింది, ఆవిడకి నిద్ర తెచ్చిపెట్టింది. నా పెళ్ళాం చెప్పే నిజాలు ఏవీ ఇంత పని చెయ్యవు."

బుధవారం ఆమె ఐదు సార్లు నది చుట్టి వచ్చింది. మొదటిసారి కథ మామూలుగానే చెప్పబోయి, ఒక పక్కకి ఒరిగేటప్పుడు కాలు తడబడింది. జనం మరింత నవ్వారు. రెండోసారి ఆ మేడని చూపించకుండా అవతలి ఒడ్డు చూపించింది. కాని గైడు చూపించకపోతే కళ్ళు ఊరుకుంటాయా? ఒకాయన లేచి, "ఆ పట్టీ ఏంటండీ, అలా ఎక్కింది?" అని అడిగాడు. కట్టిన వాళ్ళ ఇష్టం అంది. ఆయన మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. సాయంత్రం నగర శివారు సిసిరోలో తన ఇంటికి వెళ్ళి, నేరేడు జామ్ పెట్టి చిన్న రొట్టెలు కాల్చడం మొదలెట్టి, ఒక పళ్ళెం మాడ్చి, కాలుగాలిన పిల్లిలా వంటింట్లో తిరిగింది. తనమీద తనకి అసహ్యం వేసింది. చచ్చిపోయినవాడు తిరిగొచ్చి అడగడు కదా అని కదూ ఆ పేరు వాడుకుంది! బతికున్న యజమాని ఎవరినైనా తాగుబోతని అనగలిగేదా?

గురువారం ఆమెకి సెలవు. పొద్దున్నే పాత మేడల ప్లాన్లు దాచే లైబ్రరీకి వెళ్ళింది. సిగ్గుపడాల్సిన సంగతే అయినా ఉన్నదున్నట్టు చెప్పాలి, ఆమె నిజం వెతకడానికి వెళ్ళలేదు. ఐనార్ తోర్‌వాల్డ్ నిజంగానే తాగేవాడని ఏ కాగితమైనా అంటుందేమోనని వెళ్ళింది. పోలీసుల చిట్టా, చర్చి వాళ్ళ ఫిర్యాదు, ఏదో ఒకటి. ఒక్క ముక్క చాలు. శనివారం దాన్ని సిగ్నీ చేతిలో పెట్టి, తను బయటపడొచ్చు.

లైబ్రరీలో పనిచేసే ఆవిడ తెల్ల గుడ్డ చేతితొడుగులిచ్చి, బల్లంత డ్రాయరు లాగింది. ప్రెస్కాట్ మేడ ప్లాన్లు తొమ్మిది, మైనపు గుడ్డ మీద నల్లసిరాతో గీసినవి. మార్సెల్లా నదివైపు గోడ ప్లాను పరిచి, భూతద్దం పెట్టి చూసింది. గీతలు వెంట్రుక మందం. ఎక్కడా వణుకు లేదు. ఒక మూల సన్నటి అక్షరాలతో ఐనార్ తోర్‌వాల్డ్ అని సంతకం. పాత సగానికీ కొత్త సగానికీ మధ్య గీత దగ్గర అదే చేతిరాతతో రెండు వాక్యాలు ఉన్నాయి.

"కొత్త సగం పన్నెండు అంగుళాలు కుంగుతుందని ఇంజనీరు లెక్క. కుంగి పాతదానితో కలుస్తుంది కనక అంత ఎత్తు పెంచాను."

మార్సెల్లా రెండుసార్లు చదివింది. షికాగో నేల కింద రాయి చాలా లోతున ఉంది, పైనంతా బంకమన్ను. ఆ రోజుల్లో మేడ ఎంత కుంగుతుందో ముందే లెక్కగట్టి, అంత ఎత్తు పెంచి కట్టేవాళ్ళు. నాలుగైదేళ్ళకి అది కూర్చోవలసిన చోట కూర్చునేది. ఇది ఆమెకి తెలియని సంగతి కాదు. పదిహేడేళ్ళుగా రోజూ, ఆ వంతెనకి నాలుగు మేడల ఇవతలే, వేరే మేడని చూపించి ఇదే సంగతి చెబుతోంది. చెప్పి, వంతెన దాటి, ఈ మేడ దగ్గర మనిషిని తాగుబోతుని చేస్తోంది.

ప్లాను వెనక ఇంకో కాగితం కుట్టి ఉంది. ఇంజనీరు మేడ యజమానికి రాసిన ఉత్తరం. పక్క వీధి కింద నగరం వాళ్ళు సొరంగం తవ్వుతున్నారని భయపడి మీరు ఆఖర్న పునాది మార్పించారు, రాయి తగిలేదాకా బావులు తవ్వించారు, రాతి మీద నిలబడ్డ మేడ కుంగదు, ఆ ఎత్తు తగ్గించాలని తోర్‌వాల్డ్ రెండుసార్లు రాసి ఇచ్చాడు, కోసిన ఇనుము, రాయి అప్పటికే వచ్చేశాయని మీరే వద్దన్నారు, ఇప్పుడు పట్టీ కలవలేదని అతన్ని పనిలోంచి తీసెయ్యమనడం న్యాయం కాదు. కింద యజమాని ఎర్ర పెన్సిలుతో ఒకే మాట రాశాడు. "తీసెయ్యండి."

మార్సెల్లా చేతితొడుగులు విప్పి బల్ల మీద పెట్టింది. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. ఆ ఎర్ర పెన్సిలు వాడు ఒక్కసారి తీసేస్తే, తను రోజుకి ఐదుసార్లు చొప్పున పదిహేడేళ్ళు తీసేస్తూ వచ్చింది. దానితోపాటు, చెప్పొద్దూ, కొంచెం సంతోషం కూడా కలిగింది. ఇది ముసలావిడకి తీసుకెళ్ళదగ్గ కాగితం. మీ నాన్న తాగుబోతు కాదమ్మా, ఆ బల్ల దగ్గర అందరికంటే జాగ్రత్తగలవాడు అని చెప్పొచ్చు. పదిహేడేళ్ళ అబద్ధానికి ఇంతకంటే మంచి పరిహారం ఏముంటుంది అనుకుంది. ప్లానుకీ ఉత్తరానికీ జిరాక్స్ తీయించుకుని, అట్టలో పెట్టుకుని ఇంటికెళ్ళింది.

శుక్రవారం కంపెనీ మేనేజరు గ్యారిటీ గదిలో ఆ అట్ట విప్పింది. గ్యారిటీ కోపిష్టి కాదు, అంతకంటే కష్టమైన మనిషి, అన్నిటికీ నవ్వే రకం.

"చాలా బాగుంది మార్సీ," అన్నాడు కాగితాలు ముట్టుకోకుండానే. "బంకమన్ను, బావులు, పన్నెండు అంగుళాలు. పడవ ప్రయాణంలో ఇప్పటికే ఒక బంకమన్ను ఉంది కదా? రెండోది ఎక్కడ పెడతాం?"

"తాగుబోతున్న చోట."

"వంతెన దాటాక నవ్వు లేకపోతే మిగతా ఇరవై నిమిషాలూ ఎవడు వింటాడు? నువ్వే కదా మా అందరికీ నేర్పింది."

"అతనికి కూతురుంది గ్యారిటీ గారూ. బతికుంది."

గ్యారిటీ నవ్వు ఒక క్షణం ఆగింది. "దావా వేస్తుందా?"

"లేదు. నాకు దణ్ణం పెట్టింది."

"మరింకేం!" నవ్వు మళ్ళీ వచ్చేసింది. "ముప్పయ్యొకటో పేజీ ఎలా ఉందో అలా చెప్పు. చెప్పలేనంటే ఇంకో గైడు, పెగ్గీ చెబుతుంది, నువ్వు టికెట్ల కిటికీ దగ్గర కూర్చుందువుగాని. ఈ వయసులో నీకూ కాళ్ళకి సుఖం."

శనివారం పది గంటల పడవ నిండిపోయింది. సిగ్నీ ముందే వస్తే పక్కకి తీసుకెళ్ళి అంతా చెప్పాలని మార్సెల్లా తొమ్మిదింటి నుంచి రేవు మెట్ల దగ్గర నిలబడింది. ఎక్కిన ప్రతి తలనీ చూసింది. మోకు విప్పేవేళకి బూడిదరంగు కోటు మెట్లు దిగుతూ కనిపించింది. "బస్సు ఆలస్యమైందమ్మాయ్!" అని రొప్పుతూ ఎక్కి, ముందు వరసలో మిగిలిన ఒకే కుర్చీలో కూర్చుని, కళ్ళద్దాల పెట్టె చూపించి నవ్వింది. చిట్టచివరి వరసలో గ్యారిటీ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అతను పడవెక్కి రెండేళ్ళయింది.

మొక్కజొన్న పొత్తుల్లాంటి జంట మేడలు వెళ్ళాయి. వర్తక భవనం వెళ్ళింది. బంకమన్ను సంగతి చెప్పాల్సిన మేడ దగ్గర, మేడలు కుంగడం, ముందే లెక్కగట్టి ఎత్తు పెంచడం, ఎప్పటికంటే నెమ్మదిగా చెప్పింది. ఆకుపచ్చ అద్దాల్లో పడవ నీడ ఒంపు తిరిగింది. వంతెన వచ్చింది, పైన రైలు వచ్చింది. ఆ ఒక్క నిమిషం మార్సెల్లా మైకు గుండెకి ఆనించుకుని నిలబడింది. హాలిస్ చెప్పిందే మంచిదేమో. ఒరగడం, కన్ను మూయడం, గీత గీయడం. వందమంది నవ్వుతారు, గ్యారిటీ చప్పట్లు కొడతాడు, ముసలావిడ తల ఊపుతుంది. ఎవరికీ నష్టం లేదు, ఎప్పుడో పోయిన ఒక్క మనిషికి తప్ప.

వెలుగులోకి వచ్చారు. తలలన్నీ ఎడమకి తిరిగాయి.

"ఈ మేడ గీసింది ఐనార్ తోర్‌వాల్డ్," అంది మార్సెల్లా. "ఆయన తాగి గీశాడని పదిహేడేళ్ళుగా మా పడవల్లో చెబుతున్నాం. అది ఎవరూ రాసింది కాదు. నేను కల్పించింది. నవ్వుకోసం."

ఎవరో నవ్వబోయి ఆగారు. మిగతాది ఆమె మామూలు గొంతుతో చెప్పింది. అడుగు కుంగి కూర్చున్న పాత సగం, అంతే కుంగుతుందని కొత్త సగానికి కట్టిన లెక్క, ఆఖర్న మార్చిన పునాది, రెండుసార్లు రాసిచ్చిన హెచ్చరిక, ఎర్ర పెన్సిలు. "ఆయన గీత ఎక్కడా తప్పలేదు. మేడ కుంగాల్సింది, కుంగలేదు. ఆ తప్పు ఆయన మీద పెట్టి పంపేశారు."

ఒకాయన పక్కనున్నావిడతో, "అయితే ఇందులో నవ్వేదెక్కడ?" అన్నాడు. కాని జనం చూస్తున్నారు. మామూలుగా నవ్వేసి తలలు తిప్పేసేవాళ్ళు, మేడ వెనక్కి వెళ్ళిపోతున్నా మెడలు తిప్పి ఆ పట్టీనే చూస్తున్నారు. సిగ్నీ ఒక్కతే మేడని చూడలేదు. ఆవిడ మార్సెల్లానే చూస్తోంది.

రేవులో గ్యారిటీ దిగుతూ, "మధ్యాహ్నం పడవ పెగ్గీకి చెబుతాను," అన్నాడు, నవ్వుతూనే. మార్సెల్లా సరేనంది. ఆ మాట ఆమె అనుకున్నంత గట్టిగా తగల్లేదు. ఖాళీ పడవలో ఆమె సిగ్నీ పక్క కుర్చీలో కూర్చుని అట్ట విప్పింది. ముసలావిడ కళ్ళద్దాలు పెట్టుకుని, ప్లాను మీది సన్నటి అక్షరాల కింద వేలు జరుపుతూ చదివింది. ఉత్తరం చదివింది. ఎర్ర పెన్సిలు దగ్గర వేలు ఆగింది.

"ఇది ఆయన చేతిరాతేనా?"

"ఆయనదేనండీ. మీతో మంగళవారమే... నేను అబద్ధమాడాను. పుస్తకం లేదు. నన్ను క్షమించండి."

"చేతిరాత బాగుంది." సిగ్నీ కాగితాన్ని సరిచేసుకుంది. "తాగేవాడు కాదంటావు."

"తాగేవాడని ఎక్కడా లేదండీ."

"జాగ్రత్తగల మనిషంటావు. ఏది చేసినా ముందే లెక్క చూసుకునేవాడంటావు."

"అవునండీ," అంది మార్సెల్లా. ఆవిడ కళ్ళల్లో వెలుగు కోసం చూసింది.

"అయితే అమ్మాయ్, ఆ పొద్దున మా నాన్న తెలివిలో ఉండే వెళ్ళాడన్నమాట."

నది మీద ఇంకో పడవ పోతూ అలలు తోసింది. రేవు చెక్కలు కిర్రుమన్నాయి. మార్సెల్లా తడబడింది. "పని పోయింది కదండీ... చెయ్యని తప్పు ఆయన మీద వేశారు... ఆ అవమానంలో..."

"పని పోయిన మగవాళ్ళు మా వీధి నిండా ఉండేవాళ్ళు," అంది సిగ్నీ. కోపం లేదు ఆ గొంతులో. "రాత్రి భోజనానికి ఇంటికొచ్చేవాళ్ళు."

ఆవిడ కళ్ళద్దాలు తీసి పెట్టెలో పెట్టింది, పెట్టె సంచిలో పెట్టింది, కాగితాలు మడిచి అవీ పెట్టుకుంది. "నువ్వు మంచిపనే చేశావు. రేపట్నించీ ఇదే చెప్పు. ఆయన్ని అలా అనడం న్యాయం కాదు." సంచి మూసింది. "పదకొండేళ్ళు జబ్బుమనిషి మీద జాలిపడుతూ గడిపాను. హాయిగా ఉండింది."

లేచింది. మార్సెల్లా చెయ్యి అందించబోతే, అక్కర్లేదన్నట్టు తల ఊపి కమ్మీ పట్టుకుంది. రేవు నుంచి వీధిలోకి ముప్పై మెట్లుంటాయి. సిగ్నీ ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి ఎక్కింది. సగంలో ఆగింది. వెనక్కి తిరుగుతుందేమోనని మార్సెల్లా రెండడుగులు ముందుకేసింది. ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగింది, అంతే. తరవాత మిగతా మెట్లు ఎక్కి, బస్సు ఆగే వైపు నడిచిపోయింది.